పన్ను తీసిన పూటే ఇంప్లాంట్: విశాఖలో ఈ సర్వీసు ముందు పళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

పైదవడ ముందు పన్ను వేరు చీలిపోతే, ఆ పన్ను తీసి, అదే గుంటలో టైటానియం స్క్రూ దింపి, సాయంత్రానికి టెంపరరీ క్యాప్ పెట్టి ఇంటికి పంపడాన్ని ఇమీడియట్ ఇంప్లాంట్ అంటారు. విశాఖలో ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ, గాజువాక ఎటు వెళ్లినా ఈ సర్వీసు గురించి అడగొచ్చు. ఇది ఏ ఒక్క క్లినిక్ మీదా రాసిన సమీక్ష కాదు, ఆ సర్వీసు మీద రాసినది. కట్టే డబ్బు దేనికి పోతుంది, ఏడాది తర్వాత అద్దంలో ఏం కనబడుతుంది, చెడితే ఎక్కడ చెడుతుంది అన్నదే ఇందులో సంగతి.

తీర్పు ముందే చెప్పేస్తాం. సరైన నోట్లో, చిగురు పని ఏదీ వదలకుండా చేస్తే అయిదుకు నాలుగు. 'ఒక్కరోజులో పన్ను' అన్న మాట ఒక్కదానికే అయితే అయిదుకు రెండు. స్క్రూ ఎముకలో నిలవడం ఈ రోజుల్లో అంత కష్టమేమీ కాదు. ముందు పళ్ల దగ్గర అసలు పరీక్ష చిగురుది. స్క్రూ రాయిలా ఉండి, క్యాప్ రంగు అచ్చంగా కలిసిపోయి, చిగురు అంచు మాత్రం పక్క పన్ను కంటే ఒకటిన్నర మిల్లీమీటర్లు పైకి జరిగితే నవ్విన ప్రతిసారీ చూపు అక్కడికే పోతుంది. డాక్టరు ఎక్స్‌రే చూపించి బాగుందంటారు, మనిషి మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఆ పని సక్సెస్ అని మేము ఒప్పుకోం.

చిగురు ఎందుకు జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. పైదవడ ముందు పళ్లకు పెదవి వైపున్న ఎముక గోడ చాలా పల్చన, ఎక్కువమందిలో మిల్లీమీటరు కూడా ఉండదు. అందులో చాలా భాగం బండిల్ బోన్. వేరును ఎముకకు కట్టి ఉంచే నారల వల్లే అది బతుకుతుంది. పన్ను పోతే నారలు పోతాయి, నారలు పోతే ఆ గోడ కరుగుతుంది. గుంటలో వెంటనే ఇంప్లాంట్ పెట్టేస్తే ఎముక కరగదని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. 2005లో అరౌజో, లిండే బృందం కుక్కల దవడల మీద చేసిన పరిశోధన అది నిజం కాదని చూపించింది. ఇంప్లాంట్ ఉన్నా గోడ కరుగుతుంది. గోడ మీద ఆనుకున్న చిగురు దానితోపాటే లోపలికి ఒదిగి, అంచు పైకి జారుతుంది. ఇంప్లాంట్ పెడితే చిగురు అలాగే ఉండిపోతుందని ఎవరైనా మాటిస్తే ఆ మాట అక్కడే ఆపి ప్రశ్న వేయండి.

ఎంత జారుతుంది? కాన్ బృందం 2011లో ఇచ్చిన లెక్క చూడండి. ముందు పళ్లకు ఇలా పెట్టిన ఇంప్లాంట్లను సగటున నాలుగేళ్లు గమనిస్తే పెదవి వైపు చిగురు అంచు సుమారు 1.1 మిల్లీమీటర్లు పైకి పోయింది. చిగురు మందంగా ఉన్నవాళ్లలో అది అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, పల్చగా ఉన్నవాళ్లలో ఒకటిన్నర. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ముందుముందు ప్రతి నిర్ణయం దీని చుట్టూనే తిరుగుతుంది. పళ్ల మధ్య ముక్కోణం చిగురు మాత్రం వేరే దారిలో నడుస్తుంది. మొదటి నెలల్లో కుంచించుకుపోయి, నల్ల సందు కనిపించేలా చేసి, తర్వాత ఏళ్ల మీద కొంత తిరిగి నిండుతుంది. ఆ ముక్కోణాన్ని మోసేది ఇంప్లాంట్ కాదు, పక్క పన్ను ఎముక. 1992లో టార్నో బృందం కొలిచి చెప్పిన కొలత ఇప్పటికీ డాక్టర్లందరి నోటా వినిపిస్తుంది: రెండు పళ్లు తాకే చోటు నుంచి ఎముక శిఖరం దాకా 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే సందు దాదాపు ఎప్పుడూ నిండుతుంది, 6 అయితే సగానికి కాస్త ఎక్కువ సార్లు, 7 అయితే నాలుగింట ఒకసారి. అందుకే పక్క పళ్ల ఎముక బాగుంటే మొదటి నెల నల్ల సందు చూసి కంగారుపడక్కర్లేదు. పెదవి వైపు అంచు జారితే మాత్రం అది దానంతటది దిగిరాదు.

ఇక ఈ సర్వీసు ఎవరికి సరిపోతుంది. పన్ను తీయకముందు మత్తు ఇచ్చాక డాక్టరు కొలత గీతలున్న సన్నటి ప్రోబ్‌ను చిగురు అంచు నుంచి ఎముక తగిలేదాకా దించాలి. పెదవి వైపు 3 మిల్లీమీటర్ల దగ్గర ఎముక తగిలితే గోడ ఉన్నట్టు. 5, 6 దాకా దిగిపోతే గోడ అప్పటికే పోయింది. చిగురు బయటికి మామూలుగా కనిపించి లోపల గోడ లేని నోళ్లే అందరినీ మోసం చేసేవి. అక్కడ ఆ రోజే ఇంప్లాంట్ పెడితే చిగురు జారడం దాదాపు ఖాయం. ప్రోబ్‌ను చిగురు లోపల ఉంచి బయటి నుంచి చూస్తే దాని రంగు కనబడుతోందా లేదా అన్నది పల్చని చిగురుకు పరీక్ష. ఈ రెండూ కలిపి రెండు నిమిషాల పని. ఇవి చేయకుండా ఒక్క చిన్న ఎక్స్‌రే చూసి 'ఈ రోజే చేసేద్దాం' అనే చోట మేము మార్కులు తగ్గిస్తాం. ఆ చిన్న ఎక్స్‌రేలో పెదవి వైపు గోడ అసలు కనిపించదు. ఎముకను అన్ని వైపుల నుంచీ చూపించే సీబీసీటీ స్కాన్ (దవడల త్రీడీ ఎక్స్‌రే) కావాలి, అదీ పెదవికీ పంటికీ మధ్య దూది పెట్టి తీస్తే గోడా చిగురు మందమూ విడివిడిగా తెలుస్తాయి.

చిగురు అంచు పక్క పన్ను కంటే అప్పటికే పైకి పోయి ఉంటే అదే రోజు పని వద్దు. పక్క పన్ను కంటే కాస్త కిందికి దిగి ఉంటే మీ అదృష్టం, జారడానికి కొంత మిగులు ఉన్నట్టు. ఆ మిగులు లేనివాళ్లకు బ్రేసులతో పాడైన పన్నునే నెమ్మదిగా కిందికి లాగి, దానితోపాటు ఎముకనూ చిగురునూ దించి, ఆ తర్వాత పన్ను తీసే దారి ఉంది. నెలలు పడుతుంది గానీ కుట్లు లేకుండా చిగురు సంపాదించే పద్ధతి ఇది, దీన్ని ఇంకా ఎక్కువగా వాడాలన్నది మా అభిప్రాయం. చీము కారుతున్న పంటికి ముందు ఇన్‌ఫెక్షన్ తగ్గాలి. వేరు కొసన పాత గడ్డ ఉండి, నొప్పీ చీమూ లేకపోతే, లోపల శుభ్రంగా గీకి తీసి అదే రోజు పెట్టొచ్చు. పద్దెనిమిదేళ్లు నిండాయన్న ఒక్క కారణంతో పెట్టకూడదు. ముఖం ఎదుగుదల ఆగిందని తేలాలి, ఎందుకంటే పక్క పళ్లు ఎముకతోపాటు దిగుతూ ఉంటాయి, ఇంప్లాంట్ ఉన్నచోటే ఉండిపోతుంది. పెద్దవాళ్లలో కూడా ఈ దిగడం చాలా నెమ్మదిగా సాగుతుంది. పదేళ్ల తర్వాత ఇంప్లాంట్ పన్ను పొట్టిగా కనిపిస్తే ప్రతిసారీ అది చేసినవాళ్ల తప్పు కాదు.

బైకు మీద నుంచి పడి ముందు పళ్లు పోయినవాళ్ల సంగతి వేరు. పన్ను ఊడి చేతికొస్తే ముందు ఇంప్లాంట్ ఆలోచన మానేయండి. పాలలో వేసుకుని గంటలోపు పరుగెత్తండి, మళ్లీ గుంటలో పెట్టే అవకాశం ఉంటుంది. పన్ను విరిగిన దెబ్బకు పెదవి వైపు గోడ కూడా విరిగి ఉండొచ్చు కాబట్టి ఇలాంటివాళ్లకు అదే రోజు ఇంప్లాంట్ చాలాసార్లు సరైన ఎంపిక కాదు.

అదే రోజు కుదరదంటే నిరాశపడనక్కర్లేదు. పన్ను తీసి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగితే గుంట మీద చిగురు కమ్ముకుంటుంది. అప్పుడు కప్పడానికి కావలసినంత గట్టి చిగురు దొరుకుతుంది. ఆ సమయంలో ఇంప్లాంట్ పెట్టి, గోడ చోట ఎముక పొడి వేసి, పొర కప్పుతారు. ఈలోగా నోట్లో ఖాళీ కనబడకుండా తీసిన పన్ను పైభాగాన్నే కోసి పక్క పళ్లకు వెనక నుంచి అతికించే పద్ధతి ఉంది. తీసి పెట్టుకునే ప్లేటు పన్ను కంటే ఇది మంచిది, ఎందుకంటే ప్లేటు పన్ను మానుతున్న చిగురును నొక్కుతుంది. పల్చని చిగురు, పోయిన గోడ ఉన్నవాళ్లకు మేము సిఫారసు చేసేది ఈ ఆలస్యపు దారినే.

ఇప్పుడు ఆ రోజు జరగాల్సిన పని. పన్ను పీకడం అంటేనే బలం గుర్తొస్తుంది గానీ ఇక్కడ బలం పనికిరాదు. సన్నటి బ్లేడు లాంటి పీరియోటోమ్‌తో వేరు చుట్టూ నారలు కోసి, అవసరమైతే వేరును ముక్కలు చేసి తీయాలి. పన్నును కదిలించే ఎలివేటర్ అనే పనిముట్టును పెదవి వైపు ఆనించి తిప్పితే పల్చని గోడ విరుగుతుంది. చిగురు కోసి తెరవకుండానే చేస్తే గోడకు రక్తం అందే దారి తెగదు. ఇంప్లాంట్ గుంట మధ్యలో కాదు, అంగిలి వైపు గోడకు ఆనుకుని, గుంట కొసకు మించి 3 నుంచి 4 మిల్లీమీటర్లు కొత్త ఎముకలోకి దిగాలి. చిగురు వైపున్న దాని తల, రాబోయే క్యాప్ చిగురు అంచుకు 3 నుంచి 4 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. పెదవి వైపుకు కాస్త జరిగినా ఫలితం తలకిందులవుతుంది. 2008లో ఎవాన్స్, చెన్ చూసిన నోళ్లలో పెదవి వైపుకు పెట్టిన ఇంప్లాంట్ల దగ్గర చిగురు సగటున 1.8 మిల్లీమీటర్లు జారితే, అంగిలి వైపు పెట్టినవాటి దగ్గర 0.6 మాత్రమే. అంటే మూడింతల తేడా. డ్రిల్ తనంతట తాను మెత్తగా ఉన్న పెదవి వైపుకే జారుతుంది, అందుకే డ్రిల్‌కు దారి చూపే అచ్చు (గైడ్) వాడినా చెయ్యి అంగిలి వైపుకు పట్టే ఉంచాలి.

గుంట పెద్దదిగా ఉంది కాబట్టి లావు ఇంప్లాంట్ పెట్టి నింపేద్దాం అనుకోవడం పాత తప్పు. లావైనది పెదవి వైపు గోడను నొక్కి కరిగిస్తుంది. పెద్ద ముందు పంటికి 4 మిల్లీమీటర్ల ప్రాంతం, దాని పక్క చిన్న పంటికి 3.3 నుంచి 3.5 చాలు. ఇంప్లాంట్‌కూ పెదవి వైపు గోడకూ మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. ఆ ఖాళీని వదిలేయకుండా త్వరగా కరగని ఎముక పొడితో నింపాలి. ఎక్కువగా వాడేది ఆవు ఎముక నుంచి తీసిన ఖనిజం. మన దగ్గర దీనికి అభ్యంతరం ఉన్న ఇళ్లు చాలా ఉంటాయి, ముందే చెప్పకపోవడం పెద్ద లోపం. మనిషి ఎముక నుంచి తీసినవీ, పూర్తిగా కృత్రిమమైనవీ ఉన్నాయి. పైన కప్పే కొల్లాజెన్ పొరలు కూడా ఎక్కువగా పంది లేదా ఆవు నుంచే వస్తాయి. సంతకం పెట్టేముందు 'ఇది దేనిది?' అని అడగడం మీ హక్కు.

రెండో అండ అంగిలి నుంచి తీసే చిగురు కణజాలం. కోర పన్ను నుంచి మొదటి దవడ పన్ను మధ్య అంగిలి పైపొర కింద నుంచి ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ముక్క తీసి, పెదవి వైపు చిగురు లోపల సొరంగం చేసి దూరుస్తారు. ఎముక కరిగినా మందం ఇది నిలబెడుతుంది. పల్చని చిగురు ఉన్నవాళ్లకు ఇది ఐచ్ఛికం కాదు, తప్పనిసరి అని మా మాట. రంగు సంగతి ఒకటుంది. మనలో చాలామంది చిగుళ్లు గోధుమ, నలుపు చారలతో ఉంటాయి, అంగిలి లేత గులాబీ. పైపొరతో సహా తీసి పైన కుడితే మాసిక వేసినట్టు గులాబీ మచ్చ మిగిలిపోతుంది. లోపల దూర్చిన ముక్కకు ఆ బాధ లేదు, పైనున్న చిగురు రంగు అలాగే ఉంటుంది.

అంగిలి మాట వచ్చింది కాబట్టి మన తీరానికే చెందిన సంగతి చెప్పాలి. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా మత్స్యకార పల్లెల్లో, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగడం అది. ఆ వేడికి అంగిలి తెల్లబారి, పగిలి, క్యాన్సర్ దాకా పోతుంది. ఇలాంటి అంగిలి నుంచి ముక్క తీయకూడదు. ముందు ఆ మచ్చ ఏమిటో తేల్చాలి, ఇంప్లాంట్ తర్వాత. ఏ రకం పొగైనా, గుట్కా అయినా చిగురుకు రక్తం తగ్గించి గ్రాఫ్ట్‌ను, అంటే దూర్చిన ఆ ముక్కను, చంపుతుంది. అలవాటు ఉన్న విషయం ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే డాక్టరును విడిగా అడిగి చెప్పండి. షుగర్ అదుపులో లేనివాళ్లు, ఎముకల బలానికి జోలెడ్రానిక్ యాసిడ్ లాంటి ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్లు కూడా దాచకూడదు.

టెంపరరీ క్యాప్ ఈ సర్వీసులో అందరికీ నచ్చే భాగం, ఎక్కువ తప్పులు జరిగే భాగం కూడా. బిగించేటప్పుడు ఇంప్లాంట్ సుమారు 35 ఎన్‌సీఎం (న్యూటన్ సెంటీమీటర్లు) టార్క్‌కు, అంటే అంత బిగింపు బలానికి, పట్టితేనే ఆ రోజు క్యాప్ పెట్టాలి. పట్టకపోతే చిగురును నిలబెట్టే ఆకారంలో హీలింగ్ అబట్‌మెంట్ (మానేదాకా ఇంప్లాంట్ తల మీద బిగించే మూత) చాలు. క్యాప్ ఉన్నా నోరు మూసినప్పుడు, ముందుకు తోసినప్పుడు, పక్కలకు కదిపినప్పుడు కింది పళ్లు దాన్ని తాకకూడదు. నీలం కాగితం పెట్టి అన్ని కదలికల్లోనూ చూడాలి. చిగురు లోపలికి వెళ్లే క్యాప్ భాగం సన్నగా, లోపలికి నొక్కినట్టు ఉండాలి. అక్కడ ఉబ్బుగా చేస్తే చిగురు పైకి నెట్టుకుపోతుంది. ఉబ్బు ఎక్కడ అవసరమంటే అంచుకు సరిగ్గా ఒక మిల్లీమీటరు లోపు, అదే చిగురును నిలబెట్టే గీత. క్యాప్ స్క్రూతో బిగించినదే కావాలి. సిమెంటుతో అతికించినదైతే పచ్చి గుంటలోకి సిమెంటు జారి నెలల తర్వాత చీము, ఎముక నష్టం తెస్తుంది. ఇంప్లాంట్ సరిగ్గా అంగిలి వైపు పెడితే స్క్రూ రంధ్రం పన్ను వెనక వస్తుంది, కాబట్టి రంధ్రం ఎక్కడుందో చూస్తే ఇంప్లాంట్ ఎంత బాగా పెట్టారో సగం తెలిసిపోతుంది.

ఇంటికొచ్చాక మొదటి తప్పు పెదవి ఎత్తి చూసుకోవడం, వచ్చినవాళ్లందరికీ ఎత్తి చూపించడం. లోపల దూర్చిన ముక్క కదిలి, కుట్లు తెగుతాయి. రెండు వారాలు ఆ చోట బ్రష్ వద్దు. డాక్టరు రాసిన క్లోర్‌హెక్సిడిన్ నీళ్లు నోట్లో పోసుకుని తల మెల్లగా అటూ ఇటూ వంచితే చాలు, గట్టిగా పుక్కిలించొద్దు, నూనె పుక్కిలింత అసలే వద్దు. ఆ నీళ్ల వల్ల పళ్లకు గోధుమ మరక పడితే భయపడకండి, క్లీనింగ్‌లో పోతుంది. తిండి విషయంలో లెక్క ఒకటే: ముందు పళ్లతో కొరికేది ఏదీ వద్దు. ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు, తేగలు, చెరకు ముక్క, జామకాయ, పీత గుల్ల అన్నీ ఆపాలి. మురీ మిక్స్చరు కూడా ఆ నెలల్లో చెంచాతో వెనక పళ్లకు చేరవేసుకోవడమే. శాశ్వత క్యాప్ వచ్చేదాకా, అంటే కనీసం మూడు నాలుగు నెలలు ఇదే పద్ధతి. రెండో వారానికి నొప్పి పోతుంది, అప్పుడే జనం మర్చిపోయి కొరుకుతారు. ఇంప్లాంట్ ఎముకతో అతుక్కోవడం అప్పటికి మొదలైంది అంతే.

శాశ్వత క్యాప్ దశలో ఒక చిన్న పని ఫలితాన్ని నిలబెడుతుంది లేదా పాడుచేస్తుంది. టెంపరరీ క్యాప్ తీసిన నిమిషాల్లోనే చిగురు ముడుచుకుపోతుంది. ఆ ముడుచుకున్న ఆకారంలో కొలత తీస్తే నెలలపాటు తయారుచేసిన చిగురు రూపం ల్యాబుకు చేరదు. టెంపరరీ క్యాప్ లోపలి ఆకారాన్నే అచ్చు పోసి కొలత భాగానికి అతికించాలి, లేదా క్యాప్‌ను బయట విడిగా స్కాన్ చేసి జతచేయాలి. ఇంతకంటే తేలికగా నిర్లక్ష్యమయ్యే మెట్టు ఇంకొకటి లేదు. చిగురు మందం 2 మిల్లీమీటర్లకు తక్కువైతే టైటానియం అబట్‌మెంట్ (ఇంప్లాంట్‌కూ క్యాప్‌కూ మధ్య ఉండే ముక్క) బూడిద రంగు బయటికి కనబడుతుంది, అక్కడ తెల్లటి జిర్కోనియా మేలు. సిమెంటు తప్పనిసరైతే దాని అంచు చిగురుకు ఒక మిల్లీమీటరు కంటే లోతుకు పోకూడదు.

పక్కపక్కనే రెండు పళ్లు పోతే ఈ సర్వీసు మీద మా మార్కులు బాగా తగ్గుతాయి. ఇంప్లాంట్‌కూ పంటికీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్లు చాలు, రెండు ఇంప్లాంట్ల మధ్య కనీసం 3 కావాలి. అంత చోటు ఇచ్చినా వాటి మధ్య చిగురు ఎముక మీద సగటున 3.4 మిల్లీమీటర్లే లేస్తుంది. పళ్ల మధ్య లేచేదాని కంటే ఇది తక్కువ, కాబట్టి నల్ల సందు మిగలడానికే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు ఒక ఇంప్లాంట్ మీద రెండు పళ్లు నిలిపే క్యాప్ గురించి అడగండి.

బిల్లు విషయానికొస్తే, 'ఇంప్లాంట్ ఇంత' అని ఒకే అంకె చెప్పే చోట కాగితం మీద విడగొట్టి రాయించుకోండి: స్కాన్, పన్ను తీయడం, ఇంప్లాంట్, ఎముక పొడి, అంగిలి గ్రాఫ్ట్, టెంపరరీ క్యాప్, దాని సవరణలు, అబట్‌మెంట్, శాశ్వత క్యాప్. తక్కువ ధర చెప్పినవాళ్ల కాగితంలో లేని వరుసలు సాధారణంగా పొడి, గ్రాఫ్ట్, సవరణలే. చిగురును కాపాడేవి కూడా అవే. చిగుళ్ల నిపుణులు, క్యాపుల నిపుణులు ఒకే చోట కావాలనుకునేవాళ్లకు రుషికొండలోని గీతం డెంటల్ కాలేజీ, సంగివలసలోని అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీ ఉన్నాయి. ఎక్కడ చేయించినా పని మొదలుపెట్టకముందు పెదవి ఎత్తి, పక్క పన్నుతో కలిపి ఒక ఫొటో తీయించుకోండి. మూడు నెలలకు, ఏడాదికి అదే కోణంలో మళ్లీ తీస్తే చిగురు ఎంత జరిగిందో కంటితోనే కొలవొచ్చు.

ఇంకొకటి, చాలామంది అడగనిది. ఇంప్లాంట్ డబ్బా మీద కంపెనీ పేరు, వ్యాసం, పొడవు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు ఉంటుంది. దాన్ని మీ ఫైలులో అతికించి ఇవ్వమనండి. ఒక్కో కంపెనీ స్క్రూడ్రైవరు ఒక్కో రకం. నేవీలో పనిచేసే కుటుంబాలు విశాఖ నుంచి బదిలీ మీద వెళ్తూనే ఉంటాయి. కొత్త ఊళ్లో స్క్రూ వదులైనా, చిగురు వాచినా, అక్కడి డాక్టరు మొదట అడిగేది ఆ స్టిక్కరే.